విమానం మీటకు బొట్టు పెట్టిన

మొన్న సోమవారం మా ఇంట్ల ఏం జరిగిందో చెప్తే మీరు నవ్వుతరు. నవ్వుండ్రి, పర్వాలేదు. మా బిడ్డ మాత్రం ఇంకా నవ్వుతలేదు.

మా బిడ్డ మౌనిక నర్సింగ్ చదివింది. హైదరాబాదుల ఒక పెద్ద దవాఖానల నౌకరికి ఇంటర్వ్యూ పెట్టిండ్రు. పొద్దున పదిన్నరకు, ఆన్‌లైన్‌ల. ల్యాప్‌టాప్ ముందే కూర్చోవాలె, ఫోన్‌ల కుదరదని ముందే మెయిల్ పంపిండ్రట. పది నిమిషాలు దాటితే వేరేటోళ్లను పిలుస్తమని కూడా రాసిండ్రట. పోయినసారి గిట్లనే ఒక ఇంటర్వ్యూ కరెంటు పోయి సగంలనే ఆగిపోయింది. బిడ్డ రెండు రోజులు అన్నం సరిగ తినలే. అందుకే ఈసారి నాకు గుండె దడ.

పావు తక్కువ పదికి బిడ్డ ల్యాప్‌టాప్ తెరిచి పెట్టి, చీర కట్టుకోనీకి లోపలికి పోయింది. నేను దీపం పెట్టి, తడిపిన కుంకుమ గిన్నెతోని బయటికొచ్చిన. మా ఇంట్ల ఏ మంచి పని మొదలుపెట్టినా పనిముట్టుకు బొట్టు పెడతం. మా ఆయన మందు కొట్టే పంపుకు పెడతడు, నేను కుట్టు మిషన్‌కు పెడత. ల్యాప్‌టాప్‌ను ఎట్ల వదిలిపెడత? తెర మీద పెడితే బిడ్డ తిడతది. కింద మీటలు చూసిన. అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. నేను చదివింది ఐదు దాక, అదీ తెలుగుల. పై వరుసల ఒక్క మీట మీద చిన్న విమానం బొమ్మ ఉన్నది. మొత్తం డబ్బల నాకు సమజైంది అదొక్కటే. బిడ్డ గంత ఎత్తుకు పోవాలె అనుకొని, కండ్లు మూసుకొని, దాని మీదనే బొట్టు పెట్టిన. గడపకు పెట్టినట్టు గట్టిగ అద్దిన. నల్ల మీట మీద చిన్న బొట్టు, దగ్గరికి వంగి చూస్తెనే కానొస్తది.

బిడ్డ వచ్చి కూర్చున్నది. మౌస్‌ను అటు ఇటు జరిపింది. తర్వాత మెల్లగ అన్నది, "వైఫై పోయింది."

గోడకున్న వైఫై డబ్బ తీగ పీకి మళ్ల పెట్టింది. లైట్లు పచ్చగ వెలుగుతున్నయి. ఫోన్ చూసింది, ఫోన్‌ల నెట్ వస్తున్నది. పాస్‌వర్డ్ మళ్ల కొడదామంటే ల్యాప్‌టాప్‌ల మా వైఫై పేరే కనబడ్తలేదు. ఇక బంద్ చేసి మళ్ల ఆన్ చేద్దామన్నది. ఆన్ చేస్తే అప్‌డేట్ మొదలైంది. ఇరవై ఏడు శాతం కాడ ఆగింది. మేమిద్దరం ఆ అంకె దిక్కే చూస్తున్నం. అది అయిపోయి తెర వచ్చేసరికి పది దాటింది, వైఫై పేరు మాత్రం రాలే.

మాకు నెట్ పెట్టిన కేబులు మల్లేశ్‌కు ఫోన్ చేస్తే, పక్క వాడలనే ఉన్నడంట, జల్దీ వచ్చిండు. తీగ మార్చిండు, తన ఫోన్‌ల చూసిండు. "మా నెట్ బరాబరున్నది. రోగం మీ ల్యాప్‌టాప్‌లనే ఉన్నదమ్మా" అన్నడు. బిడ్డ నా దిక్కు తిరిగింది.

"అమ్మా, నువ్వు దీన్ని ఏమన్న ముట్టినవా?"

పరాయి మొగోళ్ల ముందట నాకు నోరు పెగలదు. పొదుపు సంఘం మీటింగుల కూడా వెనక కూర్చొని సంతకం పెట్టి వస్త. పైగా బొట్టు సంగతి చెప్తే మల్లేశ్ ఊరంతా చెప్పడా? "నేనెందుకు ముట్టుత బిడ్డా" అన్న. కుంకుమ గిన్నెను కొంగు చాటుకు దాచిన.

మల్లేశ్ పోయిండు. పది ఇరవై ఐదైంది. బిడ్డ కండ్ల నీళ్లు తుడుచుకొని, బడి సార్ ల్యాప్‌టాప్ అడుక్కొస్తనని చెప్పులు కూడా వేసుకోకుండ ఉరికింది. ఇంటర్వ్యూ లింకు తెరిచింది తెరిచినట్టే ఉన్నది, తెర మీద గుండ్రంగ ఒకటి తిరుగుతనే ఉన్నది.

నేను ఒక్కదాన్నే మిగిలిన. నిజం చెప్తున్న, బాగు చేద్దామని కాదు. బిడ్డ వచ్చేలోపల బొట్టు మాయం చేద్దామని కొంగు తడిపి ఆ మీటను రుద్దిన. కుంకుమ ఎండి పట్టేసింది. వేలు పెట్టి గట్టిగ ఒత్తి తుడిచిన.

తెర మీద ముగ్గురు మనుషులు వచ్చిండ్రు. ఇద్దరు సార్లు, ఒక మేడం.

కొంగు నా చేతులనే ఉన్నది. ఒక సారు ఇంగ్లీషుల ఏదో అన్నడు. అందుల మౌనిక అన్న మాట ఒక్కటే తెలిసింది. "అవ్ సార్" అన్న. ఆయన "టెల్ అస్ అబౌట్ యువర్‌సెల్ఫ్" అన్నడు. ఆ మాట నాకు తెలుసు! నాలుగు రోజుల నుంచి బిడ్డ అద్దం ముందట అదే చదువుతున్నది. నా నోరు దానంతటదే తెరుచుకున్నది.

"మైసెల్ఫ్ సరోజన" అన్న. నా పేరు కాడికే ఆగింది, ముందటికి రాలే.

సార్లు ఒకల మొకం ఒకలు చూసుకున్నరు. అప్పుడు నాకు భయమైంది. "నేను కాదు సార్, ఇంటర్వ్యూ మా బిడ్డకు. బడి సార్ ఇంటికి పోయింది, ఇప్పుడే వస్తది. పోవద్దు సార్, కూర్చోండ్రి."

మేడం తెలుగుల అన్నది, "కూర్చునే ఉన్నామమ్మా. మీరే నిలబడ్డారు."

నేను కూర్చున్న. అట్ల ఆరు నిమిషాలు వాళ్లు నన్ను, నేను వాళ్లను చూస్తనే ఉన్నం. బిడ్డ రొప్పుకుంట వచ్చేసరికి నేను ఆమె కుర్చీల, ముగ్గురు ఆఫీసర్ల ముందట, చేతులు కట్టుకొని ఉన్న.

అరగంట మాట్లాడిండ్రు. అయిపోయినంక బిడ్డ వంటింట్లకొచ్చి నా కొంగుకు ఎర్రగ అంటింది చూసింది. "చెప్పు" అన్నది. చెప్పిన. ఆ మీట నొక్కితే నెట్టంతా బంద్ అయితదట, మళ్ల నొక్కితే వస్తదట. విమానం ఎక్కేటోళ్ల కోసం పెట్టిండ్రట. చండ్రుగొండ అవతల అడవి అంచున ఉన్న మా ఊరికి బస్సే దినాం రెండుసార్లు వస్తది. మాకెందుకు పెట్టిండ్రో ఆ మీట!

బుధవారం మెయిల్ వచ్చింది. శుక్రవారం రెండో రౌండుకు పిలిచిండ్రు, అదీ ఆన్‌లైన్‌లనే. బిడ్డ ఆ సంగతి నాకు చెప్పకముందే నా బట్టలు సంచిల సర్దింది. గురువారం పొద్దున మొదటి బస్సుకే నన్ను తిరుమలాయపాలెంల మా చెల్లె ఇంటికి పంపింది. ఇది ఇక్కడ కూర్చొనే రాస్తున్న. బిడ్డ ఫోన్ చేసి ఏం చెప్పిందో ఏమో, చెల్లె నాకు టీవీ రిమోట్ కూడా ఇస్తలేదు.