భక్షాలు చేయని ఉగాది

నిన్న సాయంత్రం మా పైపోర్షన్‌లో కొత్తగా దిగిన అమ్మాయి స్టీలు డబ్బా పట్టుకుని కిందికి వచ్చింది. గోదావరి వైపు మనుషులు, మర్యాద ఎక్కువ. "బాబాయ్ గారూ, మా బాబు అడుగులేశాడండి. అమ్మ అరిసెలు పంపింది, పిన్నిగారికి కూడా పెట్టండి" అని డబ్బా నా చేతిలో పెట్టింది. లోపలి గదిలో ఎవరు పడుకుని ఉన్నారో ఆ అమ్మాయికి ఇంకా తెలియదు. తెలిస్తే వచ్చేది కాదు. మా సంగతి తెలిసినవాళ్లెవరూ ఇప్పుడు మా ఇంటికి పిల్లల శుభవార్తలు పట్టుకుని రారు, అది వాళ్ల మంచితనమే. ఆ అమ్మాయి మెట్లెక్కి వెళ్లిపోయాక గుమ్మంలోనే నిలబడి ఒక అరిసె తిన్నాను. నువ్వులు దండిగా వేశారు, పాకం సరిగ్గా కుదిరింది. నాలుక సిగ్గులేనిది, ఏ వేళలోనైనా రుచి రుచేనంటుంది. రెండోది తినబోయి, లోపల మా ఇంటామె మనవరాలికి గంజి పట్టిస్తున్న చప్పుడు విని మూత పెట్టేశాను.

నాది అమీర్‌పేటలో ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం. కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద, జ్యూస్ బండి వెనకాల, కాస్త వెతికితే దొరుకుతుంది. మాది సిరిసిల్ల, తాతల కాలం నుంచి మగ్గం. నా కాలానికి మగ్గం పోయి కత్తెర వచ్చింది. మా ఇంటామె కూడా ఆ ఊరి పిల్లే. ఊరు వదిలి వచ్చేటప్పుడు నేను కత్తెర తెచ్చుకుంటే, ఆమె ఆనవాయితీలన్నీ మూటగట్టుకుని వచ్చింది. ఏ రోజు గుమ్మడికాయ కొయ్యకూడదో, ఏ వారం తలకు పోసుకోకూడదో ఆమెకు తెలిసినంత పంచాంగానికి కూడా తెలియదు. అన్నిటిలోకీ ఆమె ప్రాణం పెట్టేది పసిపిల్లల వంటల మీద. బోర్ల పడితే భక్షాలు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు, పలికితే చిలుకలు, గడప దాటితే గారెలు. పిల్ల ఒక్కో విద్య నేర్చినప్పుడల్లా ఒక్కో వంట చేసి నలుగురికీ పంచాలి. పంచకపోతే ఆ విద్య నిలవదని ఆమె నమ్మకం. ఇందులో నాకు నమ్మకం ఉందో లేదో గానీ, ఆకలి మాత్రం ఎప్పుడూ ఉంది.

మా బిడ్డ పంజాగుట్టలో ఒక చీరల షోరూంలో పనిచేస్తుంది. అల్లుడు లక్డీకాపూల్ వైపు ఒక హోటల్లో, షిఫ్టుల ఉద్యోగం. అందుకని వాళ్లూ మాతోనే ఉంటారు. మనవరాలు పొద్దున అమ్మమ్మ దగ్గర, మధ్యాహ్నం నా దుకాణంలో పెరిగింది. కటింగ్ టేబుల్ మీద ఒక మూల లైనింగు ముక్కలు పరిచి పడుకోబెట్టేవాళ్లం. అక్కడే ఒకనాడు, ఎవరిదో పట్టు జాకెట్టు గుడ్డ మీద, బోర్ల పడింది. మా కటింగ్ మాస్టర్ భాయ్ కత్తెర అటు పారేసి పిల్లను పట్టుకున్నాడు. జాకెట్టు గుడ్డ మాత్రం పనికి రాకుండా పోయింది. ఆ ఘడియలోనే మా ఇంటామె శనగపప్పు నానబోసింది. కోస్తావాళ్లు బొబ్బట్లంటారు, మేం భక్షాలంటాం, లోపల పూర్ణం ఒక్కటే. వీధిలో అందరికీ, పక్క హాస్టల్ ఆడపిల్లలకూ పంచింది. జాకెట్టు పాడైన కస్టమరుకు రెండు ఎక్కువే ఇచ్చింది.

అడుగులు దసరానాడు పడ్డాయి. సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి, చిన్నవాళ్లు పెద్దల చేతుల్లో బంగారమని పెట్టి కాళ్లకు దండం పెడతారు కదా. మా ఇంటామె పిల్ల పిడికిట్లో ఒక ఆకు పెట్టి "పో, తాతకు బంగారం ఇచ్చి రా పో" అని గోడ దగ్గర నిలబెట్టి వదిలింది. పిల్ల ఊగుకుంటూ నడిచి నా మోకాళ్ల దాకా వచ్చి, బంగారాన్ని తన నోట్లోనే వేసుకుంది. మర్నాడు ఇల్లంతా అరిసెల పాకం వాసన. మాటల సంగతి ఇంకా విడ్డూరం. అమ్మ అనలేదు, తాత అనలేదు, మొదటి మాట "భాయ్". దుకాణంలో రోజంతా వినేది అదే మరి. మా బిడ్డ రెండు రోజులు అలిగింది. పలికితే చక్కెర చిలుకలు పంచాలి. అవి పట్నంలో ఎక్కడ వెతికినా దొరకలేదు. హోలీ రోజులు కావడంతో భాయే పిల్లల మెడలో దండల్లా వేసే చక్కెర పేర్లు కొనుక్కొచ్చాడు. "చిలుకలు యాడ దొర్కుతయ్ అన్నా? గివి తెచ్చిన. మీఠా అంటే మీఠాయే, చెల్తది" అన్నాడు. తన పేరే మొదట పిలిచిందని ఆ నెలంతా కస్టమర్లకు చెప్పుకున్నాడు.

ఇక గడప. మేమున్నది అద్దె పోర్షన్, కింద టైల్స్ తప్ప గడప లేదు. పాకుతూ దాటితే లెక్కలోకి రాదు, నిలబడి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దాటాలని మా ఇంటామె తీర్పు. చివరికి దుకాణం షటరు కింద ఎత్తుగా ఉండే ఇనుప పట్టీనే గడప అని ఒప్పించాను. పిల్ల షటరు చువ్వ వదిలేసి, కాలెత్తి పట్టీ దాటి, బయట జ్యూస్ బండి దాకా పోయి వెనక్కి తిరిగి నవ్వింది. ఆ సాయంత్రం గారెలు. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు కాలనీ ఆడవాళ్ల మధ్య వాళ్లమ్మ పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది. అందరూ వంగినప్పుడు ఈమె లేచేది, అందరూ లేచినప్పుడు వంగేది. నేను బంతిపూల ధర గురించి ఎవరితోనో వాదిస్తూ ఆ చప్పట్లు సగమే చూశాను. అప్పటికి చూడటానికి ఇంకా చాలా కాలం ఉందనుకున్నాను.

ఆ తర్వాత చలికాలంలో ఒక మధ్యాహ్నం, పిల్ల షటరు పట్టీ ముందు నిలబడి నా వైపు రెండు చేతులూ చాచింది. ఎత్తుకుని దాటించాను. మరునాడూ అంతే. గారాబమనుకున్నాం. మా ఇంటామె దిష్టి అని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదని, దిష్టి గట్టిదేనని చెప్పింది. తర్వాత చదునుగా ఉన్న చోట కూడా పడటం మొదలైంది. మాటలు ఒకటొకటే తగ్గాయి. పాలు అనేది, అనడం మానేసింది. పంజాగుట్టలో పెద్ద ఆస్పత్రికి తీసుకుపోయాం. ఎన్నో పరీక్షలు, ఎన్నో గదులు. ఆఖరికి ఒక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, రోగం పేరు చెప్పింది. పొడుగాటి ఇంగ్లీషు పేరు, నాకు ఇప్పటికీ నోరు తిరగదు. పుట్టుకతోనే ఒంట్లో ఉన్నదట, ఎవరి తప్పూ కాదట. "దీనికి ప్రస్తుతం మందు లేదమ్మా. నేర్చుకున్నవన్నీ మెల్లగా వెనక్కి పోతాయి. మామూలుగా చివర వచ్చింది ముందు పోతుంది" అంది.

మా బిడ్డ ఏడుస్తోంది. అల్లుడు ఫోనులో ఆ పేరు వెతుకుతున్నాడు. మా ఇంటామె మాత్రం డాక్టరమ్మ ముఖంలోకే చూస్తూ, లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగింది. "అంటే గడప పోయింది. ఇగ మాటలు పోతయి. ఎన్క అడుగులు, పాకుడు, బోర్ల పడుడు. గట్లనే కదమ్మా?" డాక్టరమ్మ మెల్లగా తలాడించింది. బయటికొచ్చాక మెట్రో ఎక్కాం. పంజాగుట్ట తర్వాత స్టేషన్ అమీర్‌పేటే. ఆ కాస్త దూరంలో పిల్ల అద్దానికి ముఖం ఆనించి బయటికి చూస్తూ ఎంతో సంతోషంగా ఉంది. నాకు ఆ రైలు అలాగే పోతూ ఉంటే బాగుండుననిపించింది.

వారం తిరక్కుండా మా ఇంట్లో నూనె మూకుడు పొయ్యెక్కింది. మినప్పప్పు రుబ్బి గారెలు వేస్తోంది మా ఇంటామె. నాకు ఒళ్లు మండిపోయింది. "ఏమే, పిస లేసిందా? ఏం సంబరమని చేస్తున్నవ్?" అన్నాను. ఆమె మూకుడు వైపు నుంచి తల తిప్పలేదు. "వచ్చిన్నాడు అందరికీ పంచినం. పోయేటప్పుడు సుత సాగదోలాలె కదా. ఊకె ఎట్ల పోనిద్దును?" అంది. చావుకు కూడా మాలో గారెలు వండుతారు. ఆ మాట ఇద్దరికీ తెలుసు, ఇద్దరం అనలేదు. ఆమె పళ్లెం పట్టుకుని ఎప్పటిలాగే ఇల్లిల్లూ తిరిగింది. "ఏం విశేషం అక్కా?" అని అడిగినవాళ్లకు "ఊకెనే, తినాలనిపించింది" అని చెప్పింది. మా బిడ్డ ఆ రోజు ఒక గారె చేతిలో పట్టుకుని వంటింటి గట్టు దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత తినేసింది. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు, అందరికీ అదే బాధ అయినప్పుడు ఎవరు ఎవరిని ఓదార్చాలి?

మాటల్లో ఆఖరి దాకా నిలిచింది భాయ్ పేరే. చివర వచ్చింది ముందు పోతుందన్నారుగా, మొదట వచ్చిన మాట అదే కదా. రోజూ దుకాణానికి రాగానే భాయ్ పిల్ల ముందు వంగి "నన్ను పిలువు బేటా" అనేవాడు. పిలిచేది. ఒక రోజు పిలవలేదు. వాడి పెదాల వైపు చూసింది, ఇవి ఎందుకు కదులుతున్నాయి అన్నట్టు. భాయ్ బయటికి పోయి, పొట్లంలో ఇంత చక్కెర కట్టించుకుని వచ్చి మా ఇంటామె చేతికిచ్చాడు. అప్పుడు హోలీ కాదు, చక్కెర పేర్లు దొరకవు. "గిదే పంచు వదినా" అన్నాడు. మా ఆనవాయితీ మా ఇంట్లోవాళ్లకే సరిగ్గా అర్థం కాలేదు, వాడికి అర్థమైంది. ఆ తర్వాతి దసరాకు మా ఇంటామె అరిసెలు చేసింది. జమ్మి ఆకు మేమే పిల్ల పిడికిట్లో పెట్టి, ఆ పిడికిలిని నా చేతిలో పెట్టుకున్నాం. పాయసం రోజు నేను దుకాణం తెరవలేదు.

మొన్న ఉగాది వచ్చింది. వీధి మొగదల వేపపువ్వు, మామిడికాయలు, చిన్నచిన్న కొత్తకుండలు అమ్ముతున్నారు. పక్కింటి టీవీలో పంతులు ఏ రాశికి ఎంత రాజపూజ్యమో, ఎంత అవమానమో చదువుతున్నాడు. మా పిల్ల రాశి వచ్చే ముందు మా అల్లుడు లేచి కిటికీ మూశాడు. ఉగాదికి మా వైపు ప్రతి ఇంట్లోనూ భక్షాలే. తెల్లారకముందే శనగపప్పు ఉడికిన వాసనతో వాడంతా నిండిపోతుంది. మా ఇంట్లో మాత్రం కుండలో పచ్చడి ఒక్కటే ఉంది. మా బిడ్డ వంటింట్లోకి తొంగిచూసి "పప్పు నానెయ్యలేదేంది అమ్మా? పండుగ కాదా?" అంది. అన్నాక తనకే అర్థమైనట్టుంది. మా ఇంటామె పిల్లకు తల దువ్వుతోంది. దువ్వెన ఆపకుండానే చెప్పింది. "పొద్దుగాల జర పక్కకు ఒరిగిస్తే, మిగిలింది తనే తిరిగి బోర్ల పడ్డది బిడ్డా. ఆయాసపడ్డది గని పడ్డది. గా తిరుగుడు ఉన్నన్ని రోజులు మనింట్ల భక్షాలు వద్దు."

పచ్చడి తలా ఇంత చేతిలో వేసుకుని తాగాం. పిల్ల నాలుక మీద బెల్లం నీళ్లు ఒక చుక్క వేశాం. ఇప్పటికీ కొన్ని రోజులు తనే బోర్లకు తిరుగుతుంది, కొన్ని రోజులు తిరగదు. తిరగని రోజు మా ఇంటామె పప్పుడబ్బా ఉన్న అలమార వైపు పోదు, వేరే కూర వెతుక్కుంటుంది. ఇన్నేళ్లూ పండగ రావడం ఆలస్యమైతే విసుక్కునే మనిషిని, కాలం ఎంత మెల్లగా నడిచినా ఇప్పుడు నాకు తొందరే అనిపిస్తోంది. ఆ కాలానికి మా ఇంట్లో తినడానికి మిగిలింది భక్షాలొక్కటే. మేం వండకపోయినా అది వచ్చి పీట మీద కూర్చుంటుందని తెలుసు, తెలిసీ పప్పు నానబోయడం లేదు.