వంట పని లేని ఎడారి: ఫింటాస్ నుంచి ముత్లా దాకా

ఈ ప్రయాణానికి కారణం రత్నం అడిగిన వీడ్కోలు కానుక. రత్నం మా గోదావరి ప్రాంతపు మనిషి. మిష్రిఫ్‌లో ఒక కువైటీ కుటుంబం ఇంట్లో పందొమ్మిదేళ్లుగా వంట చేస్తోంది. ఈ ఫిబ్రవరి చివర పని ఖలాస్ చేసుకుని స్వదేశానికి వెళ్లిపోతోంది. ఒక వారం చర్చిలో ఆరాధన ముగిశాక నా భార్య సుశీల ఆమెను పక్కకు పిలిచి, ఏమి ఇమ్మంటావని అడిగింది. పెద్ద సూట్‌కేసో మంచి దుప్పటో అడుగుతుందని మా ఊహ.

"నన్నోసారి బర్‌కి తీసుకెళ్లండక్కా," అంది రత్నం. "వంట చెయ్యడానిక్కాదు. కూర్చోడానికి."

ఇక్కడ ఎడారిని బర్ అంటారు. చలికాలంలో కువైటీ కుటుంబాలు అక్కడ గుడారాలు వేసుకుంటాయి. రత్నం కూడా ఏటా తన యజమానుల వెంట వెళ్లింది. వంట గుడారంలో పనిచేసి తిరిగి వచ్చింది. పందొమ్మిది చలికాలాలు ఎడారికి వెళ్లిన మనిషి అక్కడ ఒక్క గంట ఊరికే కూర్చోలేదు. ఆ సంగతి విన్నప్పుడు నాకు ఎవరిమీదో తెలియని కోపం వచ్చింది. ఆమె విమానం ఆదివారం. అంతకు ముందు ఆమెకు సెలవుగా మిగిలింది ఒకే ఒక శుక్రవారం. పొద్దు గుంకాక వినిపించే మగ్రిబ్ బాంగు వేళకు ఇంట్లో ఉండాలన్న షరతుతో మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, అనుమతి ఇచ్చింది.

మా ఫోర్‌వీల్ డ్రైవ్ బండి వయసు ఇరవై నాలుగేళ్లు. నా దగ్గరకు వచ్చి పదకొండేళ్లు. అహ్మదిలో ఒక కాంట్రాక్టు సంస్థలో యంత్రాలు తనిఖీ చేయడమే నా ఉద్యోగం కనుక, దాని మరమ్మతును నేను మరొకరి చేతికి ఇవ్వను. మా భవనం వెనుక, కాపలాదారు గొణుగుతున్నా, నేలమీద అట్టలు పరుచుకుని ఆయిలు చుక్క పడకుండా చేసుకుంటాను. ప్రతి పనినీ తేదీతో సహా పుస్తకంలో రాస్తాను. తమ వార్డులో రోగుల చార్టులు కూడా ఇంత శ్రద్ధగా ఉండవని నర్సు అయిన సుశీల అంటుంది. అది మెచ్చుకోలని నేనింతవరకు నమ్మలేదు.

ఈ ప్రయాణం కోసం మూడు సాయంత్రాలు పనిచేశాను. బెల్టులు, నీటి గొట్టాలు మార్చాను. టైర్లు, బ్యాటరీ పరీక్షించాను. థర్మోస్టాట్ కొత్తది వేశాను. ఇంజను వేడెక్కేదాకా నీటిని ఆపి, ఆ తరువాత రేడియేటరుకు వదిలే చిన్న తలుపు వంటిది అది. ఇక్కడి మెకానిక్కులు పాత బండి కనిపిస్తే చాలు, వేడి దేశంలో ఇదెందుకని దానిని పీకి పారేస్తారు. ఇంజను తయారుచేసినవాడికి తెలియని రహస్యమేదో వీరికి తెలిసినట్టు! ఈ అలవాటుకు వ్యతిరేకంగా నేను ఇరవై ఏళ్లుగా వాదిస్తున్నాను.

శుక్రవారం ఉదయం 7.10కి ఫింటాస్‌లో బయలుదేరాం. 7.35కి మిష్రిఫ్ చేరేసరికి రత్నం గేటు బయట రెండు సంచులతో నిలబడి ఉంది. అలవాటుగా వెనుక తలుపు తీసింది. సుశీల ఆమెను ఆపి ముందు సీటు చూపించింది.

"ముందా? నేనా?"

"అక్కడ కూర్చుంటేగాని మీ బావగారి డ్రైవింగు ఎంత భయమో తెలీదులే. ఎక్కు."

సంచుల్లో ఏముందని అడిగితే పులిహోర, కోడి వేపుడు అని చెప్పింది. వంట లేని రోజు కావాలన్న మనిషి తెల్లవారుజామున నాలుగింటికే లేచి వండి తెచ్చింది. ఆరో రింగు రోడ్డు ఎక్కేదాకా సుశీల ఆమెను మందలిస్తూనే ఉంది.

8.20కి జహ్రాలో పెట్రోలు పోయించాం. ఉష్ణోగ్రత చూపే సూది సగం దగ్గర కుదురుగా ఉంది. ముత్లా గుట్ట దాటి, వానల తరువాత అర్ఫజ్ పొదలు పసుపు పచ్చగా పూసే మైదానంలో దిగాలన్నది నా ప్రణాళిక. 8.50కి ఎత్తు ఎక్కుతుండగా సూది సగం దాటింది. రెండు నిమిషాల్లో ముప్పావుకు చేరింది. నా పుస్తకం మొదటి పేజీలో ఒక నియమం ఉంది: సూది సగం దాటితే ప్రయాణం ఆపి వెనుదిరగాలి. ఆ మాట ఇద్దరికీ చెప్పాను.

"పోదాం బావగారూ వెనక్కి," అంది రత్నం వెంటనే. "ఏముందండీ, అద్దంలోంచి చూశాగా. చాలు."

సరిపెట్టుకోవడం బాగా అలవాటైనవారు అన్నట్టే అన్నది ఆ చివరి మాట. నేను రోడ్డు దిగి, గట్టి నేల చూసుకుని, రెండు అర్ఫజ్ పొదల పక్కన బండి ఆపాను. వెనుదిరగడం సంగతి ఇంజను చల్లారాక చూడవచ్చని చెప్పాను.

ముప్పావు గంట ఆగి బానెట్ కింద చేయి పెట్టి చూశాను. ఇంజను ఇంకా వేడిగా ఉంది. రేడియేటరు మాత్రం చల్లగా ఉంది. నీరు ఇటునుంచి అటు పోవడం లేదన్నమాట. పది రోజుల కిందట నా చేతులతో బిగించిన కొత్త థర్మోస్టాటే మూసుకుపోయింది. సీలు వేసిన పెట్టెలో నకిలీ సరుకు పెట్టి అమ్మేవారిని ఏమనాలో నాకు తెలియదు. ఇక ఉపాయం ఒక్కటే. సుశీల ఏమైందని అడిగింది.

"పీకెయ్యాలి," అన్నాను.

నా ఇరవై ఏళ్ల వాదనలు విన్న మనిషి కనుక, ఆమె నవ్వు దాచుకోవడానికి ముఖం జహ్రా వైపు తిప్పుకుంది.

నేను పని మొదలుపెట్టగానే రత్నం కూడా మొదలుపెట్టింది. చాప పరిచింది, నీళ్ల డబ్బా మోసుకొచ్చింది, స్పానర్లు వరుసగా పేర్చింది. సుశీల రెండుసార్లు చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. రెండుసార్లూ లేచింది.

"కూర్చుంటే కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలవట్లేదక్కా," అంది.

థర్మోస్టాట్ ఊడదీసేటప్పుడు దాని మూత కింది ప్యాకింగు చినిగిపోయింది. అది లేకుండా బిగిస్తే నీరు కారుతుంది. దాని బదులు గట్టి అట్ట ఏదైనా ఉందా అని సామానంతా వెతికాను. రత్నం నా పుస్తకం వైపు చూసింది.

"దానికుందిగా బావగారూ, నల్లటట్ట."

అందులో పదకొండేళ్ల దాఖలా ఉందని కొంచెం గట్టిగానే చెప్పాను.

"లోపలి రాత ఎవరు చింపుతారండీ బాబూ. అట్టే కదా."

అట్ట చింపి, మూత అంచును దానిమీద ఒత్తి, ఆ అచ్చు వెంబడి సుశీల కత్తెరతో ఉంగరంలా కోశాను. దానికి ఆయిలు పట్టించి బిగించాను. నీరు, కూలెంటు నింపి ఇంజను నడిపాను. చుక్క కారలేదు. అరగంట చూసినా సూది సగానికి కిందనే ఉంది. సమయం 11.40. గుట్ట దాటడానికి కావలసినంత పగలు మిగిలి ఉంది. చేతులు కడుక్కుని, యల్లా, ఇక పదండి అందామని బండి చుట్టూ తిరిగి వచ్చాను.

రత్నం చాప వదిలి ఇసుకలో కూర్చుని ఉంది. చెప్పులు పక్కన ఉన్నాయి. కాళ్లు బారజాపి, అరచేతులు వెనుక ఇసుకలో ఆన్చింది. ఎదురుగా చూడదగినది ఏమీ లేదు. కరెంటు స్తంభాలు, రోడ్డుమీద లారీలు, అంతే. సుశీల నన్ను చూసి, మాట్లాడవద్దని చెయ్యెత్తింది. నేను బానెట్ చప్పుడు కాకుండా మూశాను.

తరువాత స్టవ్ వెలిగించి టీ నేనే కాచాను. రత్నం గ్లాసు అందుకుందేగాని లేవలేదు.

"పంచదార ఎక్కువైంది బావగారూ," అని, తాగేసి, ఖాళీ గ్లాసు మళ్లీ చాపింది. కాసేపటికి సుశీలతో అంది: "ఇక్కడి గాలి ఇలాగుంటదని తెలీదక్కా. నాకు పొగే తెలుసు."

మూడున్నర దాకా అక్కడే ఉన్నాం. గుట్ట దాటనేలేదు.

ఈ దారిన వెళ్లదలచినవారు ఏడున్నరకు ముందే బయలుదేరండి; ఇరవై లీటర్ల నీరు తీసుకెళ్లండి; ఇసుకలో ఇనుప వస్తువేది కనిపించినా ముట్టకండి. పాత యుద్ధపు మందుపాతరలు ఇంకా ఉన్నాయంటారు. తిరుగు దారిలో శుక్రవారపు రద్దీకి గంటన్నర పడుతుంది. అనుకున్న చోటికే చేరాలన్న పట్టుదల నాకన్నా కొంచెం తక్కువగా ఉంచుకోండి. నేను ఈ దేశంలో చేసిన ప్రయాణాలలో చూడవలసినదేదీ చూడకుండా తిరిగి వచ్చినది ఇదొక్కటే. ఇంతకన్నా బాగా జరిగినది మరొకటి లేదు.

జహ్రా దాటేసరికి రత్నం ముందు సీట్లో నిద్రపోయింది. యజమానుల బండిలో పిల్లలను కనిపెట్టుకుని కూర్చోవడం తప్ప కునుకు తీయడం ఎరుగనని ఆమె ఉదయమే చెప్పింది. 5.05కి మిష్రిఫ్ చేరాం. బాంగుకు ఇంకా అరగంట పైనే ఉంది. గేటు ముందు బండి నెమ్మది చేశాను కాని, ఆపలేదు. ఆ వీధులచుట్టూ తిప్పి మళ్లీ గేటు ముందుకు తెచ్చాను. రెండోసారి తిప్పాను. మూడోసారి వచ్చేసరికి మామా ఇంటి పైగదిలో దీపం వెలిగింది. ఇక ఆపక తప్పదని బ్రేకుమీద కాలు పెట్టాను.

"ఇంకొక్క చుట్టు బావగారూ," అంది రత్నం, కళ్లు తెరవకుండానే.

తిప్పాను.