చెయ్యి మారిన చీర

మా తోడికోడలు ఓడెక్కి దీవులు చూడబోయిన ఆ నెలన్నరా నేను తిన్నది అన్నమో కుళ్ళో నాకే తెలియదు. ఇన్నేళ్ళయ్యాక దాచుకోవడం ఎందుకు? కుళ్ళే.

ఎనభైల మొదట్లో మాట. తిరుత్తణికీ పళ్ళిపట్టుకూ మధ్య మా నేతవీధిలో ఒకే ఇంట్లో రెండు మగ్గాలు. ఒకటి మా ఆయనదీ నాదీ, రెండోది మా మరిదిదీ తోడికోడలిదీ. మేం నేసిన గళ్ళ గుడ్డను మదరాసు షావుకారు విదేశానికి పంపేవాడు. అక్కడ కొనే దొర ఆ ఏడు గుడ్డ చూసి ముచ్చటపడి, అది నేసిన ఇంటి నుంచి ఒక జంటను పంపమనీ, తన ఖర్చుతో ఓడలో దీవులన్నీ తిప్పి చూపిస్తాననీ కబురు చేశాడు. పెద్దవాడని షావుకారు మా ఆయన్నే ముందు అడిగాడు. నేను ఆ మధ్యాహ్నమే తిరుత్తణి బస్సెక్కి, స్టూడియోలో పాస్‌పోర్టుకని ఫోటో దిగి వచ్చాను. వచ్చేసరికి ఈయన జవాబు చెప్పేసి ఉన్నాడు.

"నాకు ఇంగిలీసు రాదు. నీళ్ళు చూస్తే తల తిరగతాది. తమ్ముడు పోతాడులే."

"నన్నొక్క మాట అడిగినావా మామా?"

"నిన్నేమడిగేది? నేను పోకుంటే నువ్వు యాడికి పోతావు?"

తాను పోడు, నన్ను పోనివ్వడు. ఆ ఫోటోను బియ్యం డబ్బా అడుగున పడేశాను.

తోడికోడలి మగ్గం మీద అప్పటికి ఒక చీర సగంలో ఉంది. ఆడి నెలలో వచ్చే మురుగన్ పండగ ఆడికృత్తికకు మా అత్త కట్టుకోవలసిన చీర. ఏటా కొత్త చీర కట్టుకునే ఆమె తిరుత్తణి కొండ ఎక్కేది.

"అక్కా, మిగిలింది నువ్వు నేసి పెడతావా? మేము వచ్చేటప్పటికి పండగ ముంచుకొస్తాది" అంది తోడికోడలు, పెట్టె సర్దుకుంటూ.

మా వీధిలో మొదలుపెట్టిన చెయ్యే చీర ముగించాలంటారు. పోగు వేసిన ప్రతిసారీ దువ్వెన లాంటి పన్నెను లాగి ఆ పోగును దగ్గరకు కొట్టాలి కదా, ఆ దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కో తీరు. చెయ్యి మారితే గుడ్డ మీద వేలు పెట్టిన నేతగాళ్ళెవరికైనా తెలిసిపోతుంది. "అట్లనేలే, పోయిరా" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

మొదటి బొమ్మ కార్డు వచ్చింది. మరిది బడిలో చదివింది అరవం, కాబట్టి అరవంలోనే రాశాడు. నేను అత్తకు చదివి వినిపించాను. ఇక్కడి కొండల కడుపులో నిప్పు ఉంటుందట. ఎప్పుడో కక్కిన బూడిదలో గుంతలు తవ్వి ద్రాక్ష పెంచుతారట. ఇసక నల్లగా ఉంటుందట. రోజంతా ఓడ మీద ఎండలో వాలు కుర్చీల్లో పడుకుంటే కావలసినవన్నీ చేతికే తెచ్చి ఇస్తారట.

"కొండుండే తావంతా మురుగన్ ఉంటాడు" అంది అత్త, ఆ బొమ్మను కళ్ళకద్దుకుని. "గుడికి పోయినారా, లేదా? రాయలేదేమే?"

"రాయలేదత్తా. కుర్చీల్లో పండుకోనుండారంట."

కుర్చీల్లో! నేనిక్కడ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని, నా మగ్గం పని చేసి, రెండు మగ్గాలకూ నూలు కండెలు చుట్టి, ఆ పైన మహారాణిగారు వదిలిపోయిన చీర నెయ్యాలి. ఆ పూట పన్నె లాగి కొడుతుంటే మా ఆయన తొంగి చూశాడు.

"ఏమే, గుడ్డ నేస్తాండావా, వడ్లు దంచతాండావా?"

నాలుగో కార్డులో, పడవ నుంచి గట్టు మీదికి దిగేటప్పుడు తోడికోడలు భయపడితే మరిది చెయ్యి పట్టుకుని దింపాడని ఉంది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నది పెళ్ళిపీటల మీదే. ఒళ్ళు మండిపోయింది. ఒక్కదాన్నే మగ్గంలో కూర్చుని, "ఆ ఓడ మునిగిపోతే పీడా పోతాది" అని పైకే అనేశాను.

ఆ తర్వాత కార్డు రాలేదు. వారం గడిచింది. పది రోజులు గడిచాయి. పోస్టుమ్యాన్ సైకిలు మా గడప దగ్గర ఆగకుండా పోతుంటే వీధిలోకొచ్చి చూస్తూ నిలబడేదాన్ని. ఎంత మాటన్నాను, నా నోట్లో మన్ను పడ! చీరలో ఇంకా మూరెడు మిగిలి ఉంది. చేతికి బలమే రాదు. వాళ్ళను క్షేమంగా తెచ్చి పెట్టు స్వామీ, కొండ మెట్లన్నిటికీ పసుపు కుంకుమ పెడతానని మొక్కుకున్నాను.

పండగకు రెండు రోజుల ముందు ఇద్దరూ బస్సు దిగారు. ఎండకు మాడి, నిగనిగలాడుతూ! కార్డులు వేస్తూనే ఉన్నామన్నాడు మరిది. యాడ పోయినాయో ఎవరికి తెలుసు? వాళ్ళను చూసి నాకు ఏడుపొచ్చింది. ఆమె మెడలో నల్లరాళ్ళ దండ కనబడగానే మళ్ళీ కుళ్ళూ వచ్చింది.

ఆమె కాళ్ళు కడుక్కుని నేరుగా మగ్గం దగ్గరికే పోయింది. గుడ్డ మీద వేలు పెట్టింది.

"ఈడిదాకా నా చెయ్యి. ఈడ నుంచి నీది." వేలు మెల్లగా జరిగింది. "అమ్మా, ఏం బిగువు! నీళ్ళు పోసినా దిగవే. ఇది మా కార్డులొచ్చిన దినాల్లో నేసిందా అక్కా?"

చివరి మూర దగ్గర వేలు ఆగింది.

"ఈడేమి ఇంత వదులు? ఒళ్ళు బాగలేదా?"

"మీ కార్డు రాలేదు" అన్నాను. ఆమె తల తిప్పి నా మొహం చూసింది.

ఆడికృత్తిక నాడు అత్త ఆ చీర కట్టుకుని ముందు ఎక్కుతోంది. వెనక నేను మెట్టు మెట్టుకూ వంగి పసుపు రాస్తుంటే, తోడికోడలు నా పక్కనే కుంకుమ పెడుతూ వచ్చింది. సగం కొండ ఎక్కాక నడుము పట్టుకుని నిలబడింది.

"ఇంత పెద్ద మొక్కు దేనికి మొక్కినావక్కా?"

అబద్ధం చెప్పాలనే చూశాను. నోరు రాలేదు.

"మీ ఓడ మునిగిపోవాలని అన్నాను. అందుకు."

వచ్చేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని పోతున్నారు. ఆమె వంగి, నేను పసుపు రాసిన మెట్టు మీద బొట్టు పెట్టింది.

"నువ్వు పోయి నేనీడ ఉండుంటే, నోటితో అని ఊరుకుందునా? పన్నె విరగ్గొట్టి పొయ్యిలో పెట్టుందును" అంది. "ఊఁ, కానీ, పసుపు రాయి. ఇంకా సగం మెట్లుండాయి."