నెత్తురు ఇక్కడే ఉంటుందన్నాను

నేను ఒక ముసలామెను భయపెట్టి ఒప్పించాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. తిట్టలేదు, కేకలెయ్యలేదు, చెయ్యి పట్టి గుంజలేదు. ఒక చిన్న మాట అన్నాను, అంతే. దాన్ని మోస్తూనే పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, మా నాన్న పోయినప్పుడు ఏడుస్తూ ఏడుస్తూ ఆ ముసలామె గుర్తొచ్చి సగంలో ఆగిపోయాను. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకైతే మొహం చూసి చెప్పాలి కదా.

మా నాన్న కోస్తా నుంచి వచ్చి కంచన్‌బాగ్‌లో ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో చేరాడు. నేను పుట్టిందీ పెరిగిందీ సంతోష్‌నగర్‌లో. ఇంట్లో ఒక తెలుగు, గల్లీలో ఇంకో తెలుగు, కిరాణా షాపులో ఉర్దూ. ఎవరి భాషలో వాళ్లతో మాట్లాడగలనని చిన్నప్పటి నుంచీ నాకు కాస్త పొగరు. నర్సింగ్ చదివాక ఆ పొగరే ఉద్యోగం కూడా ఇప్పించింది. మా ఇంటికి దగ్గర్లోనే ఒక ఎముకల డాక్టరు గారి క్లినిక్. రెండువేల సంవత్సరం దాటి చాలాకాలమైంది, ఆ దశాబ్దం చివరి రోజులవి. మోకాళ్లకు కొత్త వైద్యం అంటూ డాక్టరు గారు ఎక్కడో నేర్చుకొని వచ్చారు. మనిషి చేతిలోంచి రక్తం తీసి, గొట్టంలో పోసి మిషన్‌లో గిర్రున తిప్పితే, ఎర్రదంతా అడుక్కి పోయి పైన పసుపు నీరు తేలుతుంది. ఆ నీటిని ఆ మనిషి మోకాలిలోకే మళ్లీ ఎక్కిస్తారు. అరిగిన కీలు కాస్త కోలుకుంటుందని ఆశ. ఆశేనని డాక్టరు గారు కూడా దాచకుండానే చెప్పేవారు.

ఆయన మంచివాడే. తప్పు ఆయన మీదకు నెట్టడానికి ఇది రాయడం లేదు. ముందు అంతా వివరంగా చెప్పండి, పని చెయ్యకపోవచ్చని కూడా చెప్పండి, చీము పట్టే ప్రమాదం ఉందని చెప్పండి, వద్దంటే మామూలు మందులే రాస్తామని చెప్పండి, ఒప్పుకున్నాకే వేలిముద్ర వేయించుకొని రక్తం తీయండి అని నాతో అన్నారు. ఆయనకు గల్లీ భాష రాదు. అందుకని చెప్పే పని నాది. నేను బాగా చెప్పేదాన్ని. మీరు కూర్చుంటే ఎవరూ వద్దనరు సిస్టర్ అని ఆయన ఒకసారి నవ్వుతూ అన్నారు. ఆ మాట నన్ను చెడగొట్టింది. నిజంగా ఆ మాటేనా? చెడిపోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్లకు ఏ మాటైనా సరిపోతుందేమో.

వరస మార్చింది నేనే. మిషన్ తిరిగేంతసేపు ఊరికే కూర్చోవడం దేనికని, ముందు రక్తం తీసేసి, అది లోపల తిరుగుతుండగా బయట కూర్చోబెట్టి అన్నీ చెప్పేదాన్ని. టైము కలిసొచ్చేది. ఇంకోటి కూడా కలిసొచ్చేది. తన రక్తం పక్కగదిలో గుర్రుమని తిరుగుతుంటే ఎవరికీ వద్దనాలని అనిపించదు. అప్పటికే సగం పని అయిపోయినట్టు ఉంటుంది. ఇది నాకు మొదటి వారంలోనే అర్థమైంది. అర్థమైనా మార్చలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

క్లినిక్ పక్కన ఫుట్‌పాత్ మీద బాలవ్వ పూలు కట్టేది. కొడుకు యాదగిరి పొద్దున్నే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి పూలు తెచ్చి ఆమె ముందు గుమ్మరించి, కట్టిన దండలు పట్టుకొని ఇళ్లకు తిరిగేవాడు. ఆమెకు ఆ పని అంటే ప్రాణం. నేల మీద బాసింపట్టు వేసి కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. వచ్చేపోయేవాళ్లను ఆటపట్టించేది. నన్ను చూస్తే, సూదులమ్మా, ఎవరి ప్రాణం తీయబోతున్నవ్ ఇయ్యాల, అనేది. మోకాళ్లు అరిగాయి. లేవాలంటే గోడ పట్టుకోవాలి. యాదగిరే బలవంతంగా తీసుకొచ్చాడు. పూలు వాడిపోతాయని ఆమెను నా దగ్గర వదిలి వెళ్లిపోయాడు.

నా పద్ధతి ప్రకారం ముందు రక్తం తీశాను. ఆమె మొహం పక్కకు తిప్పలేదు. గొట్టం నిండుతుంటే కళ్లు ఆర్పకుండా చూసింది. మిషన్ వేసి, తలుపు దగ్గరికి వేసి, ఎదురుగా కూర్చొని అంతా చెప్పాను. ఒక్క ముక్క వదలలేదు. ఆ విషయంలో ఇప్పటికీ నా మీద నాకు అనుమానం లేదు.

"అయితే గ్యారంటీ లేదా బిడ్డా?" అంది.

"లేదవ్వా. కొందరికి తక్కువైతది, కొందరికి కాదు. ఎప్పుడన్న చీము గిట్ల పట్టొచ్చు."

"గట్లయితే నాకు వద్దు. గోలీలే రాసియ్యమను మీ సార్‌ను. చీము పట్టి కాలు వంగకపోతే నేను పూలెట్ల కట్టాలె?"

వద్దంది. స్పష్టంగా. గోడ పట్టుకొని లేచింది కూడా. నేను కూడా లేవాల్సింది. సరే అవ్వా అని డాక్టరు గారి గదిలోకి తీసుకెళ్లి, ఈమె వద్దన్నారు సార్ అని చెప్పాల్సింది. ఎంతసేపు పని అది? కానీ నాకు ఒళ్లు మండింది. ఇంత చక్కగా చెబితే వద్దంటుందా అనుకున్నాను. ఇప్పుడు సార్‌కు నేనేం చెప్పాలి, నా దగ్గర కూర్చున్నవాళ్లు వద్దనరు కదా! ఇంతే. ఇంత చిన్న విషయానికే.

తలుపు దాకా పోయి ఆమె ఆగింది. లోపల మిషన్ చప్పుడు వింటూ నిలబడింది.

"మరి నా నెత్తురు?"

పారబోస్తామవ్వా అనాలి. అది నిజం. కానీ ఆమె అడిగిన తీరులో ఒక భయం ఉంది. ఊడిన వెంట్రుకలు కూడా చుట్టచుట్టి జాగ్రత్తగా పారేసే మనిషి ఆమె, ఎవరి చేతుల్లోనైనా పడితే చేతబడి చేస్తారోనని. ఆ సంగతి నాకు తెలుసు. గల్లీలో పెరిగినదాన్ని, తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసే అన్నాను.

"అది ఇక్కడనే ఉంటదవ్వా."

"ఇక్కడనా? ఎవరి తాన?"

"మా తాన."

ఆమె నా వైపు తిరిగింది. అంతదాకా రోజూ నన్ను ఆటపట్టించిన మొహం అది. అందులోంచి రంగు దిగిపోవడం నేను కళ్లారా చూశాను. మెల్లగా వచ్చి కూర్చుంది. బొటనవేలు చాపింది.

"ఎక్కియ్యి. నాది నాకు ఎక్కియ్యి," అంది.

ఎక్కించారు. కొన్నాళ్లకు మోకాలు వాచింది, జ్వరం వచ్చింది, చీము పట్టింది. పెద్దాసుపత్రిలో కోసి కడిగారు. ప్రాణం దక్కింది కానీ కాలు కర్రలా బిగుసుకుపోయింది. డాక్టరు గారు నన్ను పిలిచి, ఆమెకు అన్నీ చెప్పారు కదా సిస్టర్ అని అడిగారు. చెప్పాను సార్ అన్నాను. అబద్ధం కాదు చూడండి. అన్నీ చెప్పాను. ఆమె ఏమన్నదో మాత్రం ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. యాదగిరి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అవ్వ ఒప్పుకునే చేయించుకుంది కదా అక్కా, మా నసీబు అన్నాడు.

నేల మీద కూర్చోలేని మనిషి పూలు కట్టలేకపోయింది. స్టూలు వేస్తే కూర్చొని రెండు మూరలు కట్టి, చేతకావడం లేదని పక్కన పడేసింది. తర్వాత వచ్చి మా క్లినిక్ బయట బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టింది, బిగిసిన కాలు ముందుకు చాపుకొని. లొల్లి లేదు, ఏడుపు లేదు. వచ్చినవాళ్లు ఆమెను పేషెంటే అనుకొని జరిగి కూర్చునేవాళ్లు. అమ్మవారి ముందు ఎదురుచూసేవాళ్లలా మా తలుపు వైపే చూస్తూ ఉండేది.

ఒక సంగతి నమ్ముతారో లేదో. లోపల మిషన్ వేయగానే ఆమె చెయ్యి మోకాలి మీదకు వెళ్లేది. మధ్యలో రెండు తలుపులు, బయట ఆటోల మోత. ఆ చప్పుడు అక్కడికి వినపడదు. నేను బయట నిలబడి విన్నాను, వినపడదు. అయినా చెయ్యి వెళ్లేది. నాకు పిచ్చెక్కినట్టయింది. ఒకరోజు గొట్టాలేవీ పెట్టకుండా ఊరికే మిషన్ తిప్పి కిటికీలోంచి చూశాను. ఆమె కదల్లేదు. తర్వాత ఎవరిదో రక్తం పెట్టి తిప్పాను. ఆమె చెయ్యి మెల్లగా మోకాలి మీదకు జారింది. యాదృచ్ఛికం అనుకున్నాను. మళ్లీ ఒకసారి చేసి చూద్దామంటే ధైర్యం చాలలేదు. చూసి ఉంటే బాగుండేదా? ఏమో. చూడకపోవడం వల్ల ఇన్నేళ్లు రెండు రకాలుగానూ అనుకుంటూ బతికాను.

ఒకసారి పక్కన కూర్చోమని సైగ చేసింది. గొట్టంలో అడుగున ఎర్రది మిగలడం సూది వేసిన రోజే చూసిందట. పసుపుదే ఎక్కించారు కదా, మరి నా ఎర్రది మీ దగ్గరే ఉందా అని గొంతు తగ్గించి అడిగింది. అదంతా లోపలికి రాలేదు కాబట్టే కాలు వంగడం లేదని ఆమె నమ్మకం. లేదవ్వా, ఆ రోజే పారేశాం, నేను నిన్ను భయపెట్టాను అని ఒక్క మాట అంటే ఆ బెంచీ మీంచి ఆమె లేచి వెళ్లేది. అనబోయాను కూడా. లోపలి నుంచి డాక్టరు గారి గొంతు వినిపించింది. ఉన్నదవ్వా అనేశాను. తను పోతే మట్టి చేసేటప్పుడు అది కూడా తనతో పెట్టాలని, సగం ఇక్కడ సగం అక్కడ ఉండలేనని మాట తీసుకుంది. సరేనన్నాను. అప్పుడు కూడా సరేననడం నాకు ఎంత తేలికగా వచ్చిందో!

ఆ వానాకాలంలోనే పోయింది. నిద్రలో పోయిందని చెప్పారు. మధ్యాహ్నం డాక్టరు గారు భోజనానికి వెళ్లినప్పుడు యాదగిరి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కాళ్లకు చెప్పుల్లేవు. "అక్కా, అవ్వది ఏదో మీ తాన ఉన్నదంట. తెమ్మన్నది," అన్నాడు. ఆ మాట తప్ప అతనికి ఇంకేం తెలియదు.

ఏమీ లేదు తమ్ముడూ అంటే, మరి అవ్వ ఎందుకట్లా అన్నది అని అడుగుతాడు. అడిగితే అంతా చెప్పాలి. ఒక్క నిమిషం ఉండమని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాను. అలమారాలో ఎవరి రక్తమూ లేదు, అంతా కడిగేసిన గొట్టాలు. ఏం చేస్తున్నానో నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పను. రబ్బరు పట్టీ ఒక కొస పళ్లతో పట్టుకొని ఎడమ చేతికి బిగించుకున్నాను. నా రక్తం తీసి, గొట్టానికి మూత పెట్టి, దూదిలో చుట్టి తెచ్చి అతని చేతిలో పెట్టాను.

అతను రెండు చేతులా పట్టుకున్నాడు. "ఇంకా ఎచ్చగున్నదక్కా," అన్నాడు.

అతను ఏడుస్తూ నాకు దండం పెట్టాడు. వాళ్లవాళ్లందరికీ చెప్పాడట, అవ్వ నెత్తురు ఆ అక్క ఎంత మంచిగా కాపాడిందో, ఇంకా వెచ్చగానే ఉందని. దాన్ని ఆమె గుండెల మీద పెట్టి మట్టి కప్పారు. ఆ తర్వాత శుక్రవారం శుక్రవారం ఒక మల్లెదండ మా ఇంటి గడియకు తగిలించి పోయేవాడు. తలలో పెట్టుకోలేను, పారేయలేను. మా అమ్మ, ఎంత అభిమానమో చూడు అని మురిసిపోయేది. పెళ్లయి ఆ ఇల్లు వదిలేదాకా దండలు వస్తూనే ఉన్నాయి.

ఇలాంటివి నేను నమ్మను. చదువుకున్నదాన్ని. రక్తం బయటికొస్తే కొంతసేపట్లో చచ్చిపోతుంది, దానికి యజమాని ఉండడు. ఇది నేను ఎవరికైనా వివరంగా చెప్పగలను, వాళ్ల భాషలోనే. కానీ గట్టి వాన పడ్డ రోజుల్లో నా ఎడమ మోచేతి మడతలో తడి మట్టి తగిలినట్టు చల్లగా ఉంటుంది. దుప్పటి కప్పుకున్నా పోదు. అక్కడ ఆమె పక్కన నేను కూడా కొంచెం పడుకొని ఉన్నానా? నేను పక్కన ఉంటే ఆమెకు ఊపిరి ఆడుతుందా? సగం ఇక్కడ సగం అక్కడ ఉండలేనంది కదా, ఇప్పుడు అలా ఉన్నది ఎవరు?

సరే, అది నా భయం. భయాన్ని అడ్డం పెట్టుకొని అసలు తప్పు దాటెయ్యడం నాకు అలవాటే, ఇప్పుడు కూడా అదే చేయబోయాను. చలి సంగతి వదిలేయండి. ఆ సూది కొందరికి పని చేస్తుంది, కొందరికి చెయ్యదు. చీము ఎవరికైనా పట్టొచ్చు. వాటికి నేను బాధ్యురాలినో కాదో నాకు తెలియదు. కానీ తన కాలు గురించి తనే ఆలోచించుకొని, తన పూల గురించి ఆలోచించుకొని, ఆమె వద్దంది. ఆ మాట విన్నది ప్రపంచంలో నేనొక్కదాన్నే, దాన్ని నేను మాయం చేశాను. డాక్టరు గారు ఆమె ఒప్పుకుందనే అనుకుంటున్నారు. యాదగిరి కూడా అలాగే అనుకుంటున్నాడు. తీసుకొచ్చింది తనే కాబట్టి తప్పంతా తనదేనని లోపల లోపల కుమిలిపోతున్నాడేమో కూడా.

అతను ఇప్పటికీ గుడిమల్కాపూర్ మార్కెట్‌లోనే ఉన్నాడని తెలిసింది. ముందు అతనికే చెప్పాల్సింది, మీకు కాదు. మీకు చెప్పడం సులువు కాబట్టి మీతో మొదలుపెట్టాను. అక్కడికి వెళ్తానో లేదో మాట ఇవ్వను, నేను ఇచ్చే మాటల సంగతి ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. కానీ ఆమె వద్దన్న సంగతి ఇప్పుడు నాతో పాటు ఇంకొకరికి కూడా తెలుసు. రాసి పెన్ను కింద పెట్టాను. కాస్త ఊపిరి ఆడుతోంది.