ఈరన్న వదిలిన వంతు నీళ్ళు

రెండువేల ఏడులో నేను బళ్ళారిలో ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసే నర్సుగా పనిచేస్తున్నాను. సండూరు ఖనిజానికి మంచి ధర పలుకుతున్న కాలం. దేశనూరులో వరి పండించే ఎర్రిస్వామి కూడా పొలం కౌలుకిచ్చి, ఖనిజం తోలే లారీలు కొని, గాంధీనగర్‌లో ఇల్లు తీసుకున్నాడు. భార్య పద్మను, తండ్రి హనుమంతప్పను వెంట తెచ్చుకున్నాడు.

హనుమంతప్పకు డిమెన్షియా. జ్ఞాపకం, ఆలోచన మెల్లగా చెదిరిపోయే జబ్బు. పగలంతా నెమ్మదిగానే ఉండేవాడు. పొద్దు వాలేసరికి అలజడి మొదలయ్యేది. దాన్ని మేము సన్‌డౌనింగ్ అంటాం. పార భుజాన వేసుకుని గేటు వైపు నడిచేవాడు. ఈ పూట కాలువ నీళ్ళ వంతు తనదని, పక్క మడి ఈరన్న గట్టుకు మడవ తెరిచి నీళ్ళు దొంగతనంగా తిప్పుకుంటున్నాడని ఆయన బాధ. ఈరన్న పోయి చాలా ఏళ్ళయింది. అడ్డం వచ్చిన కొడుకే ఆయన కళ్ళకు ఈరన్నలా కనిపించేవాడు.

ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి ఎర్రిస్వామి నుదుటికి కట్టు ఉంది. తండ్రి చేతిలోని పార కర్ర తగిలిందట.

"దినామూ ఇదే, సిస్టరమ్మా. నేను నీ కొడుకుని నాయనా అని ఎన్నిసార్లు చెప్పేది? ఇంగ రూములో పెట్టి బీగం ఏసేస్తా" అన్నాడు. గొంతులో కోపం కంటే దుఃఖమే ఎక్కువ.

"బీగం ఏస్తే ఇంకా బెదురుతాడప్పా. ఆయన మాట కాదనద్దు. ఒగ పూట నువ్వే ఈరన్నవైపో, చూద్దాం."

"నాయనకు అబద్ధం చెప్పేదా? ఆయన నాకు ఒగసారీ చెప్పలే."

మిషన్ బడిలో పెరిగినదాన్ని, అబద్ధమంటే నాకూ గిట్టదు. అయినా, "నువ్వు కొడుకునని ఒప్పించాలని చూస్తాండావు. ఆయనకు కావల్సింది నీళ్ళప్పా" అన్నాను.

అంతలో పెద్దాయన పారతో వచ్చాడు. పద్మ భయంగా గుమ్మం పట్టుకుంది. ఎర్రిస్వామి గేటు దగ్గర నుంచి పక్కకు జరిగి, మెట్టు మీద కూర్చున్నాడు.

"హనుమంతన్నా, ఈ పొద్దు వంతు నీదే. నా మడవ మూసేసినా. నువ్వు నీళ్ళు కట్టుకో పో."

పెద్దాయన ఆగి, కొడుకు మొహంలోకి చూశాడు.

"నిజంగానా, ఈరన్నా?"

"నిజమేన్నా."

ఆయన పార కిందపెట్టి కొడుకు పక్కనే కూర్చున్నాడు. "మల్ల నీ మడి గూడా ఎండుతాండాది కదప్పా. సగం నువ్వూ కట్టుకో. ఇద్దరిదీ పండనీ."

పద్మ టీ తెచ్చింది. ఇద్దరూ నారు గురించి, ఎరువు గురించి మాట్లాడుకున్నారు. ఎర్రిస్వామి నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

జబ్బు తగ్గలేదు. ఈరన్న మాట పనిచేయని సాయంత్రాలూ ఉన్నాయి. అప్పుడు పద్మ మామగారితో వీధి చుట్టి వచ్చేది. గదికి బీగం మాత్రం ఎవరూ వేయలేదు.

ఎర్రిస్వామి ఒకసారి నాతో అన్నాడు: "నీళ్ళకని నాయన ఊరంతా కొట్లాడేవాడు. కొట్లాడినోడికే సగం ఇచ్చే మనిసని నాకు ఇన్నాళ్ళూ తెలీదు, సిస్టరమ్మా."

అప్పటి నుంచి ఇలాంటి జబ్బున్న ఏ ఇంటికి వెళ్ళినా, పెద్దవాళ్ళు ఏం మరిచిపోయారని ముందు అడగను. ఇవాళ ఏం చెప్పారని అడుగుతాను.