వేపపూత ఏరి పారేసినవాడు

బ్యాంకు పరీక్ష హాల్‌టికెట్టును నాయన కళ్ల ముందే చించేశాను. చిత్తూరు స్నేహితుడు చెప్పాడని. తిరుపతిలో మూడేళ్లు ఒకే గదిలో ఉన్నాం, ఒకే కంచంలో తిన్నాం. "మనకెందుకప్పా ఈ గుమాస్తా పనులు? సంచీలు తగిలించుకోని దేశం సూసొద్దాం. నాదైతే సించేసినా" అన్నాడు. నాయన నాతో మాట్లాడటం మానేశాడు. పోనీలే, వీడున్నాడు కదా అనుకున్నాను.

ఎనభైల మొదట్లో, వీపున సంచీలతో రైళ్లూ బస్సులూ మారి, ఉగాది ముందురోజుకు జైసల్మేర్ చేరాం. ఎటు చూసినా ఇసుకే. అమ్మ కట్టిచ్చిన కొత్త చింతపండు, రెండు మామిడికాయలు నా దగ్గరున్నాయి. కాయలు దారిలోనే ముడతలు పడ్డాయి. బెల్లం వాడి సంచీలో ఉంది. వేపపూత మేం దిగిన సత్రం వెనకాల దొరికింది. వచ్చేటప్పుడు అమ్మ మరీ మరీ చెప్పింది. "పండగ పూట యాడున్నా గొంతు లేపొద్దు నాయనా. ఆ పొద్దు ఏం జేస్తే ఏడాదంతా అదే."

తెల్లారి వాడు తలకు పోసుకుంటుంటే, బెల్లం కోసం వాడి సంచీలో చెయ్యి పెట్టాను. బెల్లంతో పాటు ఒక పొడుగాటి కవరు వచ్చింది. విప్పడం తప్పే, విప్పాను. వాడికి బ్యాంకులో ఉద్యోగం. వచ్చే వారమే చిత్తూరులో చేరాలి. అంటే వాడు చించనే లేదు. పరీక్ష రాశాడు, ఇంటర్వ్యూకీ వెళ్లొచ్చాడు. మేం బయల్దేరకముందు, పెద్దమ్మకు బాగలేదని వాడు ఊరికి వెళ్లింది ఆ ఇంటర్వ్యూకే అయ్యుంటుంది. నేనే బస్సెక్కించాను, చేతికి అరటిపళ్లు కూడా ఇచ్చి.

ఒళ్లు మండిపోయింది. కానీ అమ్మ మాట అడ్డొచ్చింది. రేపు కడిగేద్దామనుకుని, కవరు ఉన్నచోటే పెట్టి, బెల్లం దంచి ఉగాది పచ్చడి కలిపాను.

వాడు తడితలతో వచ్చి చెయ్యి చాపాడు. పచ్చడి వేశాను. అందులోని వేపపూతను వేలితో ఒక్కొక్కటే ఏరి ఇసుకలో పారేసి, మిగతాది నాకాడు. "శానా సేదుగా ఉండాదబ్బా." మా ఇంట్లో చంటిపిల్లలు అలా ఏరినా మొట్టికాయ పడుతుంది. నేను నా వంతు నమిలి మింగాను.

"నాయనకు ఒంట్లో బాగలేదప్పా. నేను ఈ పొద్దే బయల్దేరాల. నువ్వు నిదానంగా రా" అన్నాడు. ఆ ఊళ్లో మాకు ఒక్క ఉత్తరం ముక్క రాలేదు. అప్పుడు పెద్దమ్మ, ఇప్పుడు నాయన. సిగ్గులేనివాడు. అయినా తలూపాను. సాయంత్రం రైలెక్కుతుంటే సంచీ కూడా అందించాను. రేపటికని దాచుకున్న తిట్లన్నీ నా దగ్గరే ఉండిపోయాయి.

అమ్మ మాట పొల్లుపోలేదు. ఆ ఏడాదంతా వాణ్ణి ఒక్క మాట అడగలేదు, ఆ తర్వాతి ఏళ్లు కూడా. ఒకసారి పని పడి చిత్తూరు బ్యాంకుకు వెళితే, కౌంటరు వెనక వాడే ఉన్నాడు. తలెత్తి చూశాడు.

"బాగుండావా అప్పా?"

కాగితం ముందుకు తోసి, గోడ వైపు చూస్తూ నిలబడ్డాను.