చేప తెలియని ఇంట్లో బొల్లి

మొన్న మా పాప మోకాలి మీద తెల్లమచ్చ కనబడితే డాక్టరుకు చూపించి, బొల్లేనని తెలుసుకుని వస్తుండగా, చాంద్రాయణగుట్ట దగ్గర మూలికల కొట్టులోంచి తెల్లమచ్చలకు రాసే బావంచాల నూనె వాసన గుప్పుమంది. ఆ ఘాటుకు మా కమలత్త కళ్ళముందు నిలిచింది.

కమలత్త మా నాన్న చెల్లెలు. ఉప్పుగూడలో ముందు కిరాణా కొట్టు, వెనక మా ఇల్లు. బతుకమ్మ వచ్చిందంటే తడి గచ్చు నిండా తంగేడు, గునుగు పూలు, వాటి మధ్య అత్త, లోపల వేయించిన నువ్వుల వాసన, రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి ఆమె కట్టే మలీద ముద్దల కోసం చేతులు చాచే వాడకట్టు ఆడవాళ్ళు, అబ్బో, ఆ సందడే వేరు! ఒక ఏడు అత్త వేళ్ళ కొసలు తెల్లబడ్డాయి. ఆ పండక్కి ఆమె పంచిన ముద్ద ఒక్కరూ తీసుకోలేదు.

"చాపలు తిని పాలు తాగితే గిట్లనే అయితది" అంది పక్కింటామె. మా ఇంట్లో కోడిగుడ్డే గడప దాటి రాదాయె, ఇక చేపలెక్కడివి? అయినా నానమ్మ అత్తను నిలదీసింది.

"నిజం చెప్పు, దోస్తుల ఇంట్ల తిన్నవా ఏంది?"

"నీ తోడమ్మా, తినలే!" అని అత్త ఒకటే ఏడుపు.

నాకు బుర్ర తిరిగిపోయింది. వీధి చివర చేపలమ్మే యాదమ్మ రోజూ చేపలు తింటుంది, పాలు పోసిన చాయ్ తాగుతుంది, ఆమెకు రానిది ముట్టనైనా ముట్టని అత్తకెలా వచ్చింది? ఇదేం లెక్కని అడిగితే నా వీపు విమానం మోత మోగింది. మధ్యాహ్నాలు అత్త వేళ్ళకు ఆ బావంచాల నూనె రాసుకుని దాబా మీద ఎండలో కూర్చునేది. నేను పక్కన చేరి ఆమె పెట్టిందల్లా తినేదాన్ని, తిన్నాక నా వేళ్ళు చూసుకునేదాన్ని. అత్తంటే ప్రాణం, అంటుకుంటుందేమోనని భయం, రెండూ ఉండేవి.

"తిండితో రాదు, ముట్టుకుంటే అంటదు" అన్నాడు మొన్నటి డాక్టరు. రోగాలతో కొట్లాడవలసిన ఒంటి శక్తే పొరపాటున చర్మానికి రంగునిచ్చే కణాల మీద పడుతుందట. ఎవరికైనా రావచ్చట, కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి వస్తుందట. ఆ పొరపాటు ఎందుకని అడిగితే, పూర్తిగా ఎవరికీ తెలియదన్నాడు. చిన్నప్పటి నా అయోమయం సగమే తీరింది.

ఆ గచ్చూ లేదు, దాబా లేదు, ఆ చోట అపార్టుమెంటు లేచింది. అందులోనే ఉంటున్న అత్తకు ఇంటికొచ్చి ఫోన్ చేసి డాక్టరు చెప్పిందంతా చెప్పాను.

"గట్లనా బిడ్డా? అందరు అడిగి అడిగి... పోరితనంల తెల్వక యాడనన్న తిన్ననేమో అనుకుంటున్న గిన్నేండ్లు" అంది. మళ్ళీ తనే అంది, "పాపను మాత్రం ఎవ్వర్నీ గట్ల అడగనియ్యకు."